తల్లి చొక్కా, పదకొండు పిల్ల చొక్కాలు

తూర్పు గోడ సంరక్షణ మండలి పెద్దలకు, గోడకు ఇవతల కాపురాలు చేసుకుంటున్న సమస్త ప్రజానీకానికి, గోడకు అవతల ఏ పాపమూ ఎరగకుండా ఈదుకుంటున్న చేపలకు, గుత్తుల శశిధర్ అనే నేను సాష్టాంగపడి చెప్పుకుంటున్న క్షమాపణ.

ముందుగా, సముద్రం పెరిగినందుకు క్షమించాలి. అది నేను పుట్టకముందే జరిగిందని కొందరు నన్ను వెనకేసుకొస్తారు. బాధ్యత గల ఉద్యోగి అలాంటి సాకుల వెనక దాక్కోడు. ప్రవర్తనా శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నందుకు, ఆ కాగితం చూసి ఏడో మైలు శిక్షణ కేంద్రంలో నాకు బోధకుడి ఉద్యోగం ఇచ్చిన మీ మంచితనానికి, పాతికేళ్లకే నా పేరు మీద ఒక భంగిమ వెలిసినందుకు కూడా క్షమించాలి. ఈ ఏటి ఉత్తమ బోధకుడిగా నన్ను ఎంచి, వృత్తిలో ఆదర్శంగా నిలిచి విద్యార్థుల్లో ఉత్సాహం ఎలా నింపానో మిగిలిన ముప్ఫై తొమ్మిది కేంద్రాలకూ తెలియాలని నా దినచర్య పుస్తకం పంపమన్నారు. పంపుతున్నాను. చదివాక ఎవరి మనసైనా నొచ్చుకుంటే ఆ మనసుకు కూడా ముందే ఒక నమస్కారం.

రోజు 1

పొద్దున్న అయిదూ యాభైకి హాజరు. కేంద్రం అధికారిణి పరంజ్యోతి మేడమ్ స్వయంగా నాకు తల్లి చొక్కా తొడిగారు. నీలం రంగు, మెడ దగ్గర దురద. విద్యార్థులు పదకొండు మందికీ బూడిదరంగు పిల్ల చొక్కాలు. వాటిమీద అందరం ఒకేరకం నూనెగుడ్డ కోట్లు వేసుకున్నాం. గోడ లోపలి నడవాలో ఎప్పుడూ ఉప్పునీటి చెమట కారుతూనే ఉంటుంది మరి.

మేడమ్ రెండు ముక్కల్లో చెప్పారు. తల్లి చొక్కాలోని ఒళ్లు ఏం చేస్తే పిల్ల చొక్కాలు తమలో ఉన్న ఒళ్లను అటే మెల్లగా లాగుతాయి. ఆరు వారాలు లాగితే ఆ పని ఒంటికి పట్టేస్తుంది. అందుకని బోధకుడు నోటితో ఎంత చెప్పినా చెప్పకపోయినా, ఒంటితో మాత్రం ఆదర్శంగా ఉండాలి.

నేను కుడిచెయ్యెత్తి నమస్కారం అన్నాను. పదకొండు కుడిచేతులు లేచాయి. ఎన్నికల సభల్లో కూడా అంత చక్కగా లేవవు. ఆ ఊపులో ‘గోడ మీ లోపలే ఉంది’ అన్న అంశం మీద నలభై నిమిషాలు ఉత్సాహపరిచాను.

అయ్యాక వెనక వరసలోంచి ఒకావిడ లేచి, “పని ఎప్పుడు మొదలెడతామండి మాస్టారండి?” అని అడిగింది.

ఆవిడ పేరు నూకరత్నం. నలభై తొమ్మిదేళ్లు. మిగిలిన పదిమందీ పంట్లాముల కుర్రకారు, చీర కట్టింది ఆవిడొక్కతే. ముప్ఫై ఏళ్లపాటు ఇదే గోడ పగుళ్లకు కూలికి మాట్లు వేసిందట. పట్టా లేనివాళ్లు గోడ మీద చెయ్యి వేయకూడదని చట్టం వచ్చాక ఇక్కడ చేరింది. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే పేరు శాశ్వతంగా కొట్టేసి, సముద్రం కనపడని మెట్టలో ఉప్పు గోతాలు కుట్టే షెడ్డుకి పంపేస్తారు. ఈసారే ఆఖరు.

ఇలాంటి వెనకబడిన విద్యార్థిని పైకి తేవడమే నా ధ్యేయమని పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.

రోజు 4

తరగతి మొత్తం ఎడమచెవి గోక్కుంటోంది. పరంజ్యోతి మేడమ్ తొంగిచూసి, తామర అంటుకుందేమోనని పదకొండు డబ్బాల పౌడరు పంపించారు. పన్నెండోది నాకు పంపలేదు. నాకు ఎడమచెవి గోక్కునే అలవాటు ఉందన్న సంగతి ఇరవై అయిదేళ్లలో మొదటిసారి నాకు తెలిసింది.

చొక్కాకి పాఠమేదో దురదేదో తెలియదు. ఈ లోపాన్ని సవినయంగా మండలి దృష్టికి తెస్తున్నాను.

రోజు 7

పదకొండు గంటలకు నా చెయ్యి జేబులోకి వెళ్లింది. అక్కడ వేయించిన వేరుశెనగ గింజలుంటాయి. అది నా సొంత విషయం. అయితే పదకొండు చేతులూ పదకొండు జేబుల్లోకి వెళ్లి, ఏమీ దొరక్క, ఖాళీ గుప్పిళ్లతో నోటిదాకా వెళ్లొచ్చాయి. పావుగంటపాటు అందరూ గాలి నమిలారు.

ఏసుబాబు అని ఒకడున్నాడు. ముప్ఫై ఏళ్లవాడు, ఇంతకుముందు లారీ నడిపేవాడు, నోరు ఊరుకోదు. చెయ్యి ఎలాగూ వెళుతోంది కాబట్టి జేబులో ఏదైనా ఉండేలా మండలివారు చూడాలని వినతి పెట్టుకున్నాడు. న్యాయమైన కోరిక. రేపటినుంచి గింజలు నేనే తెస్తాను. దీన్ని ఉత్సాహపరచడం కింద రాసుకున్నాను.

రోజు 9

ఏసుబాబు భార్య మరియ ఫోను చేసింది. నేను బోధకుడి గొంతు పెట్టుకుని, చెప్పమ్మా అన్నాను.

“ఇదివరకు ఏదన్నా అడిగితే మా ఆయన నా మొహం చూసి అబద్ధం చెప్పేవోడండి. ఇప్పుడు నడుం మీద చెయ్యేసుకుని, పైకి చూసి, ముసిముసిగా నవ్వుతున్నాడండి. ఆ నవ్వు మీదేనంట కదండి?”

కాదనడానికి నోరు తెరిచాను. అప్పటికే నా చెయ్యి నడుం మీద ఉంది, చూపు కప్పు మీద ఉంది.

“మీరూ అదే చేస్తన్నట్టున్నారు” అని మరియ ఫోను పెట్టేసింది.

రోజు 11

మేడమ్ నన్ను గదిలోకి పిలిచి ఆదర్శం అంటే ఏమిటో గంటసేపు చెప్పారు. గోడకు ఆనకూడదు. ఆవులించకూడదు. ఒంటికాలి మీద నిలబడకూడదు. నేను సరేనని, ఆ పూటంతా వృత్తి ధర్మం మూర్తీభవించినట్టు మెలిగాను. మెడ నిటారు, భుజాలు వెనక్కి, రెప్ప కూడా ఆచితూచి వేశాను.

మధ్యాహ్నానికి పదకొండు మంది చీపురుకట్టలు మింగినవాళ్లలా నడవాలో అటూ ఇటూ కవాతు చేస్తున్నారు. వంగితేనే పగులు కనపడుతుంది. ఒక్కరూ వంగలేదు. రెండు గంటలకు గంట కొట్టాక అందరం నేలమీద వెల్లకిలా పడుకున్నాం. ఏసుబాబు మటుకు, ఆదర్శంకన్నా గోక్కోవడమే నయమండి అన్నాడు.

రోజు 12

ఈ రోజు రాయాలని లేదు. అయినా రాస్తున్నాను.

మాటు వేసే పాఠం మొదలైంది. ఆల్చిప్పల పొడిని జిగురుతో కలిపితే చిప్పముద్ద. పగులు గీకి, తడిపి, ముద్ద కూరి, అరచేత్తో నొక్కిపట్టి ముప్ఫై లెక్కపెట్టాలి. పుస్తకంలో ఉన్నది నేను చదివాను. చదివిందే చేసి చూపించాను. ఒక్కచోట తప్ప. గోళ్లలోకి ముద్ద పోతుందేమోనన్న బెంగతో నా చెయ్యి పన్నెండు దగ్గరే వదిలేస్తోంది. నోరు ముప్ఫై దాకా లెక్కపెడుతూనే ఉంది.

పదకొండు చేతులూ పన్నెండు దగ్గర వదిలేశాయి. పదకొండు ముద్దలూ ఒకదాని తరవాత ఒకటి కిందపడ్డాయి.

నూకరత్నం పడిన ముద్దను ఎత్తి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. ముప్ఫై ఏళ్లు గోడకు మాట్లు వేసిన మనిషి. మూడోసారి పడ్డాక ఆ చేతిని పరాయివాళ్ల చేతిలా చూసుకుంది. నేను దగ్గరికెళ్లి, పట్టుదల ఉంటే సాధించలేనిది లేదన్న ధోరణిలో ఏదో మొదలుపెట్టాను.

“ఉండండి మాస్టారండి” అంది. కోపంగా కాదు. “నా చేతికి పని తెలుసండి. మీ చొక్కా చెయ్యనివ్వట్లేదండి.”

తరగతి అయ్యాక ఆవిడ పాత కాగితాలు తిరగేశాను. మొదటిసారి ఆవిడకు పాఠం చెప్పిన మాస్టారికి మోకాలి నొప్పి. పరీక్షలో ఆవిడ కుంటుతూ నడిచిందని మార్కులు తగ్గించారు. రెండోసారి మాస్టారిది ఎడమచేతి వాటం. ఆవిడ ఎడమచేత్తో ముద్ద కూరి తప్పింది. మూడో మాస్టారు నేను. ఈసారి ఏం రాస్తారో తెలిసిపోయింది. చెవి గోక్కుంది, గాలి నమిలింది, పన్నెండు దగ్గర వదిలేసింది.

గీత గీసి రాసుకున్న ధ్యేయాన్ని ఇవాళ కొట్టేశాను.

రోజు 13

తరగతి యథావిధిగా జరిగింది. తల్లి చొక్కా ఒకటి, పిల్ల చొక్కాలు పదకొండు, లెక్క సరిపోయింది. ఉత్సాహపరిచే ప్రసంగం లేదు.

రోజు 15

నా అరచేతికి రెండు బొబ్బలు లేచాయి. గోళ్లలో చిప్పముద్ద చేరింది. నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు. వృత్తిలో ఆదర్శంగా నిలవడమంటే ఇంత మంటగా ఉంటుందని మా కళాశాలలో చెప్పలేదు.

కిందపడిన ముద్దలు: నాలుగు. అందులో ఒకటి నాది.

రోజు 19

పరంజ్యోతి మేడమ్ నడవాలోకి తనిఖీకి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు. పని మొదలుపెట్టేముందు ఏసుబాబు కుడిచేత్తో భుజం మీంచి ఏదో లాక్కుని, నడుం చుట్టూ తిప్పి, ఎడమవైపు గట్టిగా దోపుకున్నాడు. అక్కడ ఏమీ లేదు. అతని పక్కవాడూ అదే చేశాడు. అందరూ అదే చేశారు. తరవాత వేలి కణుపులతో గోడను రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

“ఏమిటిది?” అన్నారు మేడమ్.

“సంసిద్ధతా భంగిమ, మేడమ్” అన్నాను.

“పాఠ్యప్రణాళికలో ఉందా?”

“పాఠ్యప్రణాళిక కన్నా ముందునుంచీ ఉంది, మేడమ్.”

ఆవిడ పుస్తకం తీసి రాసుకున్నారు. అబద్ధం చెప్పకుండా తప్పించుకున్నందుకు నాకు నేనే రెండు వేరుశెనగ గింజలు ఎక్కువ ఇచ్చుకున్నాను.

రోజు 24

ముద్ద ఒక్కటీ పడలేదు.

గోడకు చెవి ఆనిస్తే లోపల గట్టిగా ఉన్నచోట తట్టిన చప్పుడు అక్కడే ఆగిపోతుంది. డొల్ల ఉన్నచోట కొంచెం దూరం వెళ్లి తిరిగొస్తుంది. డొల్లలు కనిపెట్టడానికి మండలివారు వాడే సూది యంత్రం రెండు వేళ్ల వెడల్పు ఉంటేగాని పట్టుకోదు. చెవి గోరంతది కూడా పట్టుకుంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నేను వినగలిగాను కాబట్టి రాస్తున్నాను.

ఇంకో విశేషం. ఆరింటి తరగతికి అందరూ అయిదున్నరకే వస్తున్నారు. నేను వారం పైగా ఎవరినీ ఉత్సాహపరచలేదు. ఎవరూ ఆ లోటు గమనించినట్టు లేదు. ఏసుబాబు అయితే ఆదివారం తలుపు తీస్తారా అని అడిగాడు. ఎందుకురా అంటే, నిన్న పెట్టిన మాటు ఎలా ఉందో చూసుకోవాలండి అన్నాడు.

రోజు 31

బజారులో పుచ్చకాయల బండి దగ్గర ఆగాను. కాయ తీసుకునేముందు నడుం దగ్గర లేని కొంగు దోపుకుని, కాయను రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి బండివాడు నన్ను తేరిపార చూస్తున్నాడు.

“గోడోళ్లా మీరు?” అన్నాడు.

ఉద్యోగంలో చేరి నెల దాటింది. నీలం చొక్కాతో, మెడలో బిళ్లతో ఈ బజారులో చాలాసార్లు తిరిగాను. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అవునన్నాను. కాయ కూడా తియ్యగా ఉంది.

రోజు 42

పరీక్ష.

మండలి నుంచి పరీక్షాధికారి తాతపూడి దైవసహాయంగారు వచ్చారు. తెల్లచొక్కా, నవ్వని మొహం, చేతిలో సూది యంత్రం. నిబంధన ప్రకారం ముందుగా అందరి పిల్ల చొక్కాలూ విప్పించి బుట్టలో వేయించారు. ఇక ఎవరి ఒళ్లు వాళ్లదే. నడవాలో వరసగా పదకొండు పగుళ్లు సిద్ధం చేసి, ఒక్కొక్కరినీ ఒక్కోదాని ముందు నిలబెట్టారు. నూకరత్నంది ఆరో పగులు. ఆవిడ కార్డు మీద రెండు ఎర్ర గీతలున్నాయి. మూడోదానికి చోటు కూడా అచ్చువేసే ఉంది.

గంట కొట్టారు. పదకొండు కుడిచేతులు లేచి, పదకొండు నడుముల దగ్గర కొంగులు దోపుకున్నాయి. నిజంగా కొంగు ఉన్నది ఒక్కరికే. దైవసహాయంగారి కళ్లజోడు కిందికి జారింది. అందరూ తట్టారు, చెవులు ఆనించారు. గోడవారగా నిలబడ్డ నా నడుం దగ్గరకు కూడా ఒక చెయ్యి వెళ్లింది. చూస్తే నాదే. చటుక్కున జేబులో పెట్టుకున్నాను.

పదిమంది గీకడం మొదలుపెట్టారు. నూకరత్నం మొదలుపెట్టలేదు. తన పగులును వదిలేసి, మూరెడు ఎడంగా జరిగి, మళ్లీ తట్టి, మళ్లీ చెవి పెట్టింది. అక్కడ గోడ నున్నగా ఉంది.

దైవసహాయంగారు వచ్చి, ఇచ్చిన పగులును వదిలేస్తే తప్పినట్టే లెక్క అని హెచ్చరించారు. సూది యంత్రం ఆవిడ చూపించిన చోట పెట్టారు. సూది కదల్లేదు.

“పగులు పైదండి” అందావిడ. “లోపల ఏడుస్తా ఉన్నది ఇక్కడండి.”

“యంత్రం ఏమీ లేదంటోంది.”

“దానికి చెవుల్లేవు కదండి.”

ఆయన కలం తీశారు. మూడో గీతకు అచ్చువేసిన చోటుమీద కలం ఆనింది. ఆవిడ ఆయన వైపు చూడనే లేదు. బొటనవేలి గోటితో ఆ నున్నటి చోట గీకింది. రెండోసారి గీకేసరికి చీపురుపుల్లంత సన్నటి ఉప్పునీటి ధార దూకి దైవసహాయంగారి తెల్లచొక్కాను బొత్తాల వెంబడి తడుపుకుంటూ పోయింది. పరీక్ష కోసం తయారుచేసింది కాదు. అసలు సిసలు సముద్రం.

ఆవిడ ముద్ద తీసి కూరి, అరచేత్తో నొక్కిపట్టి నిలబడింది. లెక్కపెట్టలేదు. గోడ చాలనేదాకా పట్టుకున్నట్టుంది. చెయ్యి తీశాక చుక్క కారలేదు.

దైవసహాయంగారు తడిచొక్కాతోనే కళ్లజోడు తీసి, వంగి, ఆ మాటుకు తన చెవి ఆనించారు.

పక్క పగులు దగ్గర నుంచి ఏసుబాబు, “నాకూ వినిపించిందండి. పరీక్ష కదా, మనకెందుకులే అని ఊరుకున్నానండి” అన్నాడు. ఆ ఒక్క మాటకూ అతనికి రెండు మార్కులు తగ్గాయి.

పదకొండు మందీ గట్టెక్కారు. నూకరత్నం కార్డు మీద మూడో చోటులో దైవసహాయంగారు తన సంతకం పెట్టారు. ఆవిడ దాన్ని కళ్లకద్దుకోలేదు, ఏడవలేదు. తన వంతుకు ఇచ్చిన పగులు దగ్గరకు తిరిగెళ్లి దాన్ని కూడా పూడ్చింది. తెరిచిపెట్టి పోతే మనసు ఊరుకోదట.

రోజు 45

మండలి ఉత్తరువు అందింది. ఒకటి, నేను ఉత్తమ బోధకుణ్ణి. రెండు, నలభై కేంద్రాల్లోనూ పని మొదలుపెట్టేముందు లేని కొంగు దోపుకోవాలి. దీనికి ‘శశిధర్ భంగిమ’ అని నామకరణం. మూడు, సోమవారం నేను ప్రధాన కార్యాలయానికి వస్తే తల్లి చొక్కాతో నా ఒంటి కదలికలన్నీ నమోదు చేసి, వాటినే ఇకపై గోడ పొడవునా ప్రతి పిల్ల చొక్కాకూ పంపుతారు.

మేడమ్ మిఠాయి పంచారు. నేను తీసుకోవడానికి కుడిచెయ్యి చాచాను. ఎడమచెయ్యి అప్పటికే చెవి దగ్గర ఉంది.

రోజు 46

అయ్యా, సోమవారం మీరు నన్ను నమోదు చేస్తే, ఏడాది తిరిగేసరికి గోడ మీద నాలుగొందల మంది ఎడమచెవి గోక్కుంటూ, గాలి నములుతూ, పన్నెండు దగ్గర చెయ్యి వదిలేస్తారు. సముద్రం పెరిగినందుకు నేను మొదట్లో చెప్పిన క్షమాపణ అప్పుడు నిజమవుతుంది. అందుకని ఉన్నది రాస్తున్నాను.

పదమూడో రోజు పొద్దున్న, గంట కొట్టకముందు, నడవా మలుపులో నూకరత్నంగారిని ఆపి నా నీలం చొక్కా చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని నిప్పుకణికలా పట్టుకుంది.

“నాకు పాఠం చెప్పడం రాదండి” అంది.

“మీరేం చెప్పకండి. మీ పని మీరు చేసుకోండి.”

“మరి మీరో?”

“నాది మీ బూడిదరంగుది.”

కొంచెంసేపు నన్ను ఎగాదిగా చూసింది. “గోళ్లు తీసేసుకుని రండి మరి” అంది. అదొక్కటే ఆవిడ నాకు నోటితో చెప్పిన పాఠం.

పైన అందరివీ ఒకే నూనెగుడ్డ కోట్లు. తల్లి ఒకటి, పిల్లలు పదకొండు, నెల రోజులూ లెక్క ఎక్కడా తప్పలేదు. పరీక్ష పొద్దున్న మాత్రం ఎవరిది వాళ్లం తొడుక్కున్నాం, అయ్యాక నీలంది మళ్లీ ఆవిడకే ఇచ్చేశాను. ఏసుబాబు మొదటి గంటలోనే కనిపెట్టాడు, మిగిలినవాళ్లు రెండో గంటలో. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లను ఏమీ అనకండి. కొంగు ఆవిడది, చెవి ఆవిడది, ముప్ఫై దాటాక కూడా కదలని అరచెయ్యి ఆవిడది. భంగిమకు పేరు కావాలంటే ఆవిడను అడిగి పెట్టండి. ఒప్పుకుంటుందని నేననుకోను.

నియమావళి నాలుగో నిబంధన ఇలా ఉంది: తల్లి చొక్కాను ఆ కేంద్రంలో వృత్తికి ఆదర్శంగా నిలిచే వ్యక్తే ధరించవలెను. ఏడో మైలులో ఆ నిబంధన మొదటిసారి అమలైంది నేను ఉద్యోగం చేసిన పదమూడో రోజున. దానికి శిక్ష ఉంటే వేయండి. సోమవారం బండి మాత్రం నూకరత్నంగారి ఇంటికి పంపండి. నీలం చొక్కా ఆవిడ దగ్గరే ఉంది, ఉతికి ఆరేసింది. దారిలో ఆవిడ చెయ్యి పదకొండింటికి జేబులోకి వెళ్తే కంగారు పడకండి. అక్కడ వేరుశెనగ గింజలుంటాయి. ఆ ఒక్క అలవాటూ నా దగ్గర నుంచి వెళ్లిందే.

ఉత్తమ బోధకుడిగా ఈ ఆరు వారాల్లో నేను చేసింది ఒక్కటే.

చొక్కా విప్పాను.